లోహానికీ అలసట కలదు: రైలు ఇరుసు నుండి ట్రాలీ బండి చట్రం వరకు

జగిత్యాల జిల్లా మల్లాపూర్ మండలంలోని ముత్యంపేట పేరు వినగానే ఆ ప్రాంతపు రైతులకు చక్కెర ఫ్యాక్టరీ జ్ఞాపకం వస్తుంది. 1937లో బోధన్‌లో నెలకొల్పిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ సంస్థకు చెందిన శాఖలలో ఇది ఒకటి. క్రషింగు కాలంలో చుట్టుపక్కల ఊళ్ళ నుండి చెరకు ట్రాలీలు వరుసగా ఇక్కడికి వచ్చేవి. 2015 డిసెంబరులో ఈ ఫ్యాక్టరీ మూతపడినది. ఆ పిమ్మట చెరకును దూరపు ఫ్యాక్టరీలకు తోలవలసి వచ్చినది. చెరకు బరువు మారలేదు. దారి పొడవు మాత్రం మారినది. బరువు, దూరం – ఈ రెండింటిలో బండి ఇనుముకు ఏది ఎక్కువ కీడు చేస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానం కావలెనంటే ఒక చిన్న చరిత్ర తెలుసుకోవాలి.

ట్రాలీని లాగే పికప్ బండి చట్రం గాని, ట్రాలీ ముందుండే నొగ వంటి కడ్డీ గాని ఒకనాడు పెద్ద బరువుకు తట్టుకుంటుంది. మరొకనాడు అంతకంటె తక్కువ బరువుతో, చదునైన రోడ్డు మీద పోతూ ఉండగా పుటుక్కున విరుగుతుంది. "నిన్న ఇంతకు రెట్టింపు మోసింది, ఈవేళ దీనికేమి వచ్చింది?" అని డ్రైవరు ఆశ్చర్యపోతాడు. ఇదే ప్రశ్న నూట ఎనభై ఏళ్ళ క్రిందట ఐరోపాలోని రైల్వే ఇంజనీర్లను వేధించినది.

విరిగిన ఇరుసు

1842 మే 8వ తేదీన ఫ్రాన్సు రాజు గౌరవార్థం వెర్సాయి నగరంలో ఉత్సవం జరిగినది. సాయంత్రం జనంతో క్రిక్కిరిసిన రైలు పారిస్‌కు తిరుగు ప్రయాణమైనది. మ్యుదాన్ వద్ద ముందున్న ఇంజను ఇరుసు విరిగినది. వెనుక పెట్టెలు దాని మీదకు ఎక్కి అంటుకొన్నవి. యాభైమందికి పైగా మరణించారు. అంటార్కిటికా తీరాన్ని పరిశోధించిన నావికుడు డ్యుమాన్ దుర్విల్, ఆయన భార్య, కుమారుడు వారిలో ఉన్నారు.

ఇరుసు ఎందుకు విరిగినది? ఆనాడు పెక్కుమంది నమ్మిన సిద్ధాంతం ఒకటి కలదు. మంచి ఇనుములో పీచువంటి నిర్మాణం ఉంటుందనీ, కుదుపుల వలన అది క్రమంగా స్ఫటికాలుగా మారి పెళుసెక్కుతుందనీ వారు అనుకొనేవారు. విరిగిన ముఖం మీద గరుకైన, మెరిసే రేణువులు కనబడటమే వారి సాక్ష్యం.

బ్రిటన్‌లో రాంకిన్ అనే యువ ఇంజనీరు దీనిని అంగీకరించలేదు. ఆయనకు అప్పటికి పాతికేళ్ళయినా నిండలేదు. విరిగిన ఇరుసులను పరిశీలించి 1843లో ఆయన ఒక వ్యాసం సమర్పించాడు. ఇరుసు లావు నుండి సన్నానికి మారేచోట, పదునైన మూలలో, మొదట సన్నని పగులు పుడుతున్నది. అది చుట్టూ కొద్దికొద్దిగా లోపలికి పాకుతున్నది. మిగిలిన లోహం ఇక బరువు మోయలేనంత చిన్నదైనప్పుడు ఇరుసు తెగుతున్నది. కనుక ఆ మూలను వంపుగా మలచవలెనని ఆయన సూచించాడు. అంటే విరిగినది ఆ రోజే అయినా, విరగటం ఎన్నడో మొదలైనదన్న మాట. ఈ చిన్న మాటలో ఆధునిక శాస్త్రమంతా ఇమిడి ఉన్నది. అయినా స్ఫటికాల నమ్మకం తొలగిపోవటానికి చాలా కాలం పట్టినది.

వోలర్ యంత్రం

ఊహను లెక్కగా మార్చిన ఘనత జర్మనీ రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్‌ది. 1850ల చివరి నుండి 1870 వరకు ఆయన ప్రయోగాలు సాగించాడు. ఇరుసు వంటి కడ్డీని యంత్రంలో బిగించి, చివర బరువు వ్రేలాడదీసి, గిరగిర త్రిప్పేవాడు. కడ్డీ మీద ఒక చుక్క పెట్టి చూడండి: చుక్క పైన ఉన్నప్పుడు అక్కడి లోహం సాగుతుంది, సగం చుట్టు తిరిగి క్రిందికి వచ్చేసరికి అదే లోహం నొక్కుకొంటుంది. ఇట్లా సాగుట, నొక్కుకొనుట లక్షల సార్లు జరుగుతుంది.

వోలర్ కనుగొన్న విషయాలు రెండు. మొదటిది: ఒక్కసారి వేస్తే ఏమీ కాని బరువు, పదే పదే వేస్తే లోహాన్ని విరగగొడుతుంది. రెండవది: బరువు తగ్గిస్తే కడ్డీ తట్టుకొనే చుట్ల సంఖ్య చాలా వేగంగా పెరుగుతుంది, ఇనుము విషయంలో ఒక హద్దుకు క్రిందైతే ఎన్ని చుట్లు తిప్పినా విరగదు. ఈ గుణానికి అంతకుముందే "అలసట" అనే పేరు వచ్చినది. 1854లో ఇంగ్లండులో బ్రైత్‌వెయిట్ తన వ్యాసానికి ఆ మాటనే శీర్షికలో వాడాడు. అయితే మనిషి అలసట వేరు, లోహపు అలసట వేరు. మనిషి నిద్రపోతే తేరుకొంటాడు. బండిని వారం రోజులు షెడ్డులో ఉంచినా పగులు పూడదు.

1903లో యూయింగ్, హంఫ్రీ అనే శాస్త్రజ్ఞులు స్వీడన్ ఇనుమును పదేపదే వంచుతూ సూక్ష్మదర్శినిలో చూచారు. ఇనుము మొదటి నుండీ స్ఫటికాల కూర్పే. ఆ స్ఫటికాలలో పొరలు ఒకదానిపై ఒకటి జారి సన్నని గీతలు ఏర్పడుతున్నవి. గీతలు దట్టమై పగుళ్ళుగా మారుతున్నవి. ఇనుము స్ఫటికంగా "మారటం" లేదని కంటికి రుజువైనది.

పట్టాల నుండి రోడ్డుకు

1932లో నిజాం ప్రభుత్వ రైల్వే సంస్థ 27 బస్సులతో హైదరాబాదు రాజ్యంలో రోడ్డు రవాణా ప్రారంభించినది. ఆ బస్సుల క్రింద ఉన్నదీ, నేటి లారీల, పికప్ బండ్ల క్రింద ఉన్నదీ ఒకే తరహా చట్రం. ముందు నుండి వెనుకకు రెండు పొడవైన ఉక్కు దూలాలు, వాటి మధ్య అడ్డకడ్డీలు. చూచుటకు నిచ్చెనవలె ఉంటుంది. వర్కుషాపులలో దీనినే చాసిస్ అంటారు.

దీనికి ట్రాలీ తగిలించినప్పుడు ఏమగును? ట్రాలీ మొత్తం బరువు 2000 కిలోలు, అందులో పదో వంతు, అనగా 200 కిలోలు, హుక్కు మీద పడుతున్నదనుకొందాము. హుక్కు వెనుక ఇరుసుకు 1.2 మీటర్ల వెనుక ఉంటే, ఇరుసు వద్ద చట్రాన్ని వంచే ప్రభావం 240 కిలోగ్రాము-మీటర్లు. రెండు ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లయితే ముందు చక్రాల మీద భారం 80 కిలోలు తగ్గుతుంది. వెనుక ఇరుసు మీద భారం 280 కిలోలు పెరుగుతుంది. పాఠ్యపుస్తకంలోని తులాదండం ఇదే. వెనుక ఇరుసే ఆధార బిందువు. దూలం పై అంచు సాగుతుంది, క్రింది అంచు నొక్కుకొంటుంది. గుంతలో పడినప్పుడు హుక్కు మీది భారం ఒక్క క్షణం ఎన్నో రెట్లు కావచ్చు. ట్రాలీ ఎగిరినప్పుడు అది హుక్కును పైకి లాగవచ్చు. ఇది వోలర్ యంత్రమే. చుట్టుకు బదులు కుదుపు వచ్చినది, అంతే.

పగులు ఎక్కడ పుడుతుంది? రాంకిన్ చెప్పినట్లే, ఆకారం హఠాత్తుగా మారేచోట. లోహపు రేకులో చిన్న గుండ్రని రంధ్రం చేసి లాగితే, రంధ్రం అంచున ప్రతిబలం మిగతాచోటి కంటె మూడు రెట్లు ఉంటుందని 1898లోనే జర్మనీ ఇంజనీరు కిర్ష్ లెక్కగట్టాడు. అందుకే దూలం పై, క్రింది అంచులలో రంధ్రాలు చేయరాదని వాహన నిర్మాతలు చెబుతారు. వెల్డింగు అతుకు చివర, తుప్పు తిన్న గుంట కూడా ఇటువంటి స్థానాలే. మంచు రోడ్ల మీద చల్లే ఉప్పు చట్రాలను ఎంతగా తినగలదో అమెరికాలో అందరికీ తెలిసివచ్చినది. అక్కడ పికప్ చట్రాల తుప్పుపై నడిచిన దావాలో టయోటా సంస్థ, తప్పు ఒప్పుకోకుండానే, 2016లో రాజీకి వచ్చినది. ఆ రాజీ దాదాపు 15 లక్షల బండ్లకు సంబంధించినది.

బరువా, దూరమా?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. వెల్డింగు అతుకుల విషయంలో ఇంజనీర్లు వాడే నియమం ఇది: ప్రతిబలం రెట్టింపైతే ఆయువు రెండింతలు కాదు, ఎనిమిదింతలు తగ్గుతుంది. అనగా ఘనం లెక్క. నూటికి పాతిక వంతు అదనంగా వేసినా (1.25 × 1.25 × 1.25 = 1.95) ఆయువు దాదాపు సగమవుతుంది. దూరం సంగతి సరళమైన లెక్క. ప్రతి 10 మీటర్లకు ఒక కుదుపు చొప్పున 10 కిలోమీటర్ల దారిలో 1000 కుదుపులు, 80 కిలోమీటర్ల దారిలో 8000. దారి ఎనిమిది రెట్లు పెరగటమూ, బరువు రెట్టింపు చేయటమూ చట్రానికి ఒకటే.

అసలు చిక్కు రెండూ కలిసినప్పుడు వస్తుంది. దారి పొడవైతే డీజిలు ఖర్చు పెరుగుతుంది. ఖర్చు పెరిగితే ఒక్కొక్క ట్రిప్పులో మరికొంత ఎక్కువ నింపాలనిపించటం సహజం. ఎనిమిది రెట్ల దారికి పాతిక వంతు అదనపు బరువు తోడైతే, ప్రతి ట్రిప్పులో చట్రానికి కలిగే నష్టం దాదాపు పదహారు రెట్లు. రైతు మిగుల్చుకొన్నాననుకొన్నది ఇనుము నుండి అప్పు తెచ్చుకొన్నదే. ఆ అప్పు తీర్చవలసిన గడియలో ట్రాలీ వెనుక సైకిలు మీద ఒక బడి పిల్లవాడు వస్తూ ఉండవచ్చు.

అదృష్టవశాత్తు పగులు ముందుగానే కనబడే అవకాశం ఉన్నది. హుక్కు బిగించిన చోటు, వెల్డింగు చివరలు, రంధ్రాల అంచులు బురద కడిగి టార్చిలైటుతో చూడాలి. రంగు మీద వెంట్రుకవంటి తుప్పు గీత కనబడితే బరువు వేయరాదు. గీత పైన పొట్టి పట్టీ వేసి వెల్డు చేస్తే చాలదు. పట్టీ చివర మరొక పగులు పుడుతుంది.

తరగతిలో ఒక ప్రయోగం

ఒకే చుట్ట నుండి మూడు ఇనుప తీగ ముక్కలు తీసుకోండి. మొదటిదానిని అటూ ఇటూ 90 డిగ్రీలు, రెండవదానిని 30 డిగ్రీలు వంచుతూ, విరిగేవరకు ఎన్నిసార్లు వంచారో లెక్కించండి. మూడవదానికి ఆకురాయితో చిన్న గాటు పెట్టి 30 డిగ్రీలే వంచండి. మూడు అంకెలనూ నల్లబల్ల మీద వ్రాస్తే వోలర్ నియమం, రాంకిన్ మూల రెండూ విద్యార్థుల ఎదుట నిలుస్తాయి.

పిమ్మట ఊరిలోని వర్కుషాపుకు పోయి విరిగిన ఇరుసునో, హుక్కునో అడిగి చూడండి. విరిగిన ముఖంలో ఒక భాగం నున్నగా, ఆల్చిప్ప మీది వంపుగీతలవలె ఉండవచ్చు. అది పగులు కొద్దికొద్దిగా పాకిన భాగం. గరుకుగా మెరిసేది చివరి క్షణంలో తెగిన భాగం. గీతలన్నీ ఏ మూల నుండి బయలుదేరినవో వ్రేలు పెట్టి చూపమని విద్యార్థిని అడగండి. అక్కడ ఒక రంధ్రమో, వెల్డింగు చివరో, తుప్పు గుంటో ఉన్నదేమో అతడే చెబుతాడు.