కుందేలు కంటి నుంచి కృత్రిమ చర్మం దాకా

సౌందర్య సాధనాలను జంతువులపై పరీక్షించే పద్ధతి మనిషి భద్రత పేరుతోనే బలపడింది. 1930లలో అమెరికాలో లాష్ లూర్ అనే కనురెప్పల రంగు కొందరి చూపు తీసింది. 1938లో సౌందర్య సాధనాలు చట్టం కిందికి వచ్చాయి. 1944లో జాన్ డ్రేజ్ బృందం కుందేలు కంట్లో పదార్థాన్ని వేసి చూసే పరీక్షను ప్రకటించింది. 1980లో సౌందర్య సాధనాల సంస్థ రెవ్‌లాన్‌పై ఉద్యమించిన జంతు హక్కుల కార్యకర్త హెన్రీ స్పైరా, ప్రత్యామ్నాయాల పరిశోధనకు డబ్బు కూడా పెట్టమన్నాడు. ఆ సంస్థ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయానికి 7.5 లక్షల డాలర్లు ఇచ్చింది. జాలికి శాస్త్రం తోడైంది అక్కడే.

జంతువులపై పరీక్షలు ఆపితే మనుషులపైనే ప్రయోగాలు జరుగుతాయన్న అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. కానీ కుందేలు కన్ను మనిషి కన్నులాంటిది కాదు; ప్రయోగశాలలో పెంచిన మానవ చర్మకణజాలం మన చర్మానికి మరింత దగ్గర. 2013లో యూరోపియన్ యూనియన్ జంతువులపై పరీక్షించిన సౌందర్య సాధనాల అమ్మకాన్ని నిషేధించింది. 2014లో భారత్ ఆ పరీక్షలను, తర్వాత అలాంటి దిగుమతులను ఆపింది. ప్రత్యామ్నాయాల అన్వేషణ నిషేధానికి దారి వేసిందని ఈ చరిత్ర చెబుతోంది.