పసివాళ్ల ఒంటిమీద పెద్దల ఆచారం

ఈవేళ కాస్త మొహమాటపడే విషయం మాట్లాడబోతున్నాను. నలుగురిలో ఎత్తని మాటే అయినా, పిల్లల సంగతి గనుక మనం తెలుసుకోక తప్పదు.

మాది బిట్రగుంట. నా చిన్నప్పుడు రైల్వే కాలనీలో మా పక్కింట్లో ఒక ముస్లిం కుటుంబం ఉండేది. వాళ్ల ఐదేళ్ల పిల్లవాడికి ఒడుగులు చేశారు. సున్తీని మావైపు అలాగే అంటారు. వెనకటి రోజుల్లో ఉపనయనానికీ ఒడుగనే పేరుండేది లెండి. కొత్తబట్టలు, పూలదండ, వీధిలో పిలకాయలందరికీ మిఠాయి! లోపల్నించి వాడి కేక వినబడగానే, వాళ్లమ్మ మా అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆడపిల్లలకు కూడా ఉంటుందా అక్కా?" అని అడిగింది మా అమ్మ.

"అయ్యో, ఆడపిల్లకేంటక్కా! మాలో అట్లాంటిది లేదు" అన్నదామె.

నిజమే. తెలుగునాట చాలా ముస్లిం ఇళ్లలో ఆడపిల్లలకు ఈ ఆచారం తెలియనే తెలియదు. కానీ 2024లో యునిసెఫ్ వేసిన లెక్క చూస్తే గుండె ఝల్లుమంటుంది. ప్రపంచంలో 23 కోట్లమందికి పైగా ఆడవాళ్లకు, బాలికలకు మర్మావయవం కొంతో గొప్పో కోసేశారట. వారిలో ఎక్కువమంది ఆఫ్రికావారు. ముస్లింలలోనే కాదు, కొన్ని దేశాల్లో క్రైస్తవులలోనూ ఉంది. దీనివల్ల ఒంటికి మేలు ఒక్కటీ లేదని వైద్యుల మాట. రక్తస్రావం, చీము పట్టడం, ప్రసవంలో కష్టం మాత్రం ఉన్నాయి.

మనదేశంలో ఇది ముఖ్యంగా దావూదీ బోహ్రాలలో ఉంది. గుజరాతు నుంచి వచ్చిన వ్యాపారస్థులు వీరు. మన సికింద్రాబాదు, హైదరాబాదులలోనూ ఉన్నారు. ఆడపిల్లకు ఏడేళ్లు వచ్చేసరికి చేసే దీన్ని ఖత్నా అంటారు. 2015లో మాసూమా రానాల్వి వంటి బోహ్రా స్త్రీలే ముందుకొచ్చి, తమకు జరిగింది ఇంకో పిల్లకు జరగకూడదన్నారు. 2017లో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. ఆ సముదాయంలోనే మరికొందరు స్త్రీలు, తమది ఆఫ్రికాలో జరిగేటటువంటిది కాదనీ, తమ మతధర్మంలో ఇతరులు కలగజేసుకోరాదనీ వాదించారు. 2018 సెప్టెంబరులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనానికి పంపారు. 2019లో శబరిమల తీర్పు పునఃపరిశీలన సందర్భంలో, ఇటువంటి ప్రశ్నలన్నీ ఇంకా పెద్ద ధర్మాసనం తేల్చాలన్నారు.

చాలాచోట్ల పిల్లను చెయ్యిపట్టుకు తీసుకెళ్లేది తల్లో అమ్మమ్మో. వాళ్లకు ప్రేమ లేదంటారా? ఇక్కడ మా అమ్మమ్మ మాట చెప్పాలి.

బాల్యవివాహాలను ఆపే శారదా చట్టం 1929 సెప్టెంబరులో ఆమోదం పొందింది. అమలయింది 1930 ఏప్రిల్ 1 నుంచి. ఆడపిల్లకు 14 ఏళ్లు నిండాలన్నారు. ఆ మధ్యలో దొరికిన ఆరునెలల్లో దేశమంతా పెళ్లిళ్లే పెళ్లిళ్లు! మా అమ్మమ్మకు ఆ హడావుడిలోనే ఎనిమిదో ఏట మూడుముళ్లు వేయించారు. "మా నాయన చెడ్డవాడు కాదే. ఊళ్లో అందరూ చేసేస్తుంటే నాకొక్కదానికి ఆపితే, రేపు నన్నెవరు చేసుకుంటారని ఆయన భయం" అనేది.

ఆ భయమే ఆఫ్రికా తల్లులదీను. కోయించని పిల్లకు సంబంధం రాదు. సరిగ్గా ఆ 1929లోనే కెన్యాలో స్కాట్లండు మిషనరీలు, ఈ ఆచారం మానతామని ప్రమాణం చెయ్యమని కికుయూలను నిలదీశారు. అవమానమనిపించి వేలమంది చర్చి వదిలి, సొంత బడులు పెట్టుకున్నారు. 1956లో మేరు ప్రాంతంలో నిషేధిస్తే, ఆడపిల్లలు బ్లేళ్లు తెచ్చుకుని తమకు తామే కోసుకున్నారు! పరాయివాళ్లు వద్దన్నందుకు అదే పౌరుషమై కూర్చుంది. స్వతంత్రం వచ్చాక, ఆ కెన్యాయే 2011లో తన పార్లమెంటులో కట్టుదిట్టమైన చట్టం చేసుకుంది.

సెనెగల్‌లో ఇంకో దారి తొక్కారు. మలికుండా బంబారా అనే ఊళ్లో ఆడవాళ్లు కూర్చుని ఆరోగ్య పాఠాలు నేర్చుకున్నారు. 1997లో అందరూ ఒక్కమాటమీద మానేస్తున్నామని బహిరంగంగా చెప్పారు. అందరూ మానితే ఎవరి పిల్లకూ సంబంధం తప్పదు కదా! చట్టం 1999లో వచ్చింది. గాంబియాలో 2015లో చేసిన నిషేధాన్ని ఎత్తేయాలని బిల్లు పెడితే, 2024 జులైలో పార్లమెంటు తోసిపుచ్చింది.

మరి మగపిల్లల మాటో? రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. మగవారికి ఎయిడ్సు సోకే ముప్పు సున్తీవల్ల తగ్గుతుందని, ఆ జబ్బు ఎక్కువున్న ఆఫ్రికా దేశాల్లో దీన్ని చేయించవచ్చని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. అయినా 2012లో జర్మనీలోని కొలోన్ కోర్టు, మతాచారం కోసం పసివాడికి సున్తీ చేయడం దేహానికి గాయం చేయడమే అన్నది. యూదులు, ముస్లింలు ఒక్కటై అభ్యంతరం చెప్పారు. ఆ డిసెంబరులోనే అక్కడి పార్లమెంటు, తగిన పద్ధతిలో చేస్తే తప్పులేదని చట్టం చేసింది. 2018లో ఐస్‌లాండులో నిషేధం బిల్లు వచ్చి, ఆగిపోయింది. బిడ్డ ఎదిగేదాకా ఆగి వాణ్ణే అడగవచ్చుగదా అని కొందరు, అడిగి పెంచేదేనా మతం అని కొందరు. అది ఇంకా తెగని వాదమే.

మా పక్కింటి పిల్లవాడు ఇప్పుడు ఇద్దరు బిడ్డల తండ్రి. కొడుక్కి నెల్లూరులో డాక్టరు చేత, నొప్పి తెలియకుండా మందిచ్చి చేయించాడు. "నా కేక నాకింకా గుర్తుందక్కా. అందుకే" అన్నాడు. పక్కనే ఉన్న వాళ్లమ్మ తలవంచుకుని, "అప్పుడు నాకీ సంగతి తెలియదు బిడ్డా" అన్నది.

మా అమ్మమ్మ కూడా తన కూతురికి పద్దెనిమిది దాటాకే పెళ్లి చేసింది. చట్టం ఊళ్లోకి వచ్చినా ఇంట్లోకి రావడానికి ఒక తరం పట్టిందన్నమాట. ఆ తలుపు తీయవలసింది మనమే.