గోడకెక్కని పోస్టర్లకే గిరాకీ

రాత్రికి రాత్రి అతికించిన సినిమా పోస్టరు మీద, కొత్త బొమ్మ రాగానే ఇంకొకటి పడేది. పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలిపేవారు. అయినా వాన నానబెట్టేది, మైదా రుచి మరిగిన ఆవులు అందినంత మేర పీకేవి. గోడ నుంచి చిరగకుండా ఊడొచ్చిన పోస్టరు అరుదు. అందుకే ఇవాళ ఆన్‌లైన్ వేలాల్లో మంచి ధర పలికేవి చాలావరకు గోడ మొహం చూడనివే. డిస్ట్రిబ్యూటర్ ఆఫీసులోనో, థియేటర్ మేడ మీది గదిలోనో కట్టల్లో మిగిలి, చేయాల్సిన పని చేయకుండానే బతికిపోయినవి.

అలాంటి కట్టలు ఉండదగ్గ చోటు అబిడ్స్, నాంపల్లి. ప్యాలెస్ టాకీస్, జమురుద్ మహల్, సాగర్, లైట్‌హౌస్, సంతోష్, సప్నా, ఎన్టీఆర్ కుటుంబానిదైన రామకృష్ణ... ఆ చుట్టుపక్కలే ఎన్ని హాళ్లు! హిందీ సినిమా పోస్టరు మీద పేరు దేవనాగరిలో, ఉర్దూలో, ఇంగ్లిష్‌లో ఉండేది. పక్క గోడ మీద తెలుగు. జమురుద్ మహల్, ప్యాలెస్ వంటివి ఇప్పుడు పాత హైదరాబాదీల మాటల్లోనే ఉన్నాయి. హాలు మూతపడితే కుర్చీలకు, ప్రొజెక్టరుకు బేరం కుదురుతుంది. కాగితం తూకానికి పోతుంది.

అబిడ్స్ పేరు వెనకా సెకండ్‌హ్యాండ్ కథే ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర కొలువు చేసిన ఆల్బర్ట్ ఆబిద్ ఇక్కడ దుకాణం పెట్టాడు. ప్రభువు వాడి వదిలేసిన వస్తువులను తిరిగి ప్రభువుకే అమ్మేవాడని ఊళ్లో చెప్పుకుంటారు. నిజమెంతో గానీ, ఆదివారం షాపులు మూసి ఉన్న వేళ వాటి మెట్ల మీద పాత పుస్తకాలు పరిచే ఈ వీధికి అంతకంటే తగిన మూలపురుషుడు దొరకడు.

ఫుట్‌పాత్ మీద బేరమంటే ఇద్దరి మధ్య వ్యవహారం. ఎక్కడో ఉన్న మూడోవాణ్ని అందులోకి తెచ్చింది ఇంటర్నెట్. 2000లో మొదలైన బాజీ డాట్ కామ్‌ను 2004లో ఈబే కొనేసింది. ఈబే ఇండియా 2017లో ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్లి, 2018 ఆగస్టులో మూతపడింది. ఈబే వేలంలో గడువంటే గడువే. ఆఖరి సెకన్లలో బిడ్ కొట్టేసి ఎగరేసుకుపోయే నేర్పు అక్కడ పనికొస్తుంది. శాఫ్రన్‌ఆర్ట్ లాంటి వేలం సంస్థల దగ్గర ఆ ఎత్తు పారదు. చివరి నిమిషాల్లో ఎవరైనా పాట పెంచితే గడువూ పెరుగుతుంది.

2017లో అమెరికాలో హెరిటేజ్ సంస్థ 1931 నాటి డ్రాక్యులా పోస్టరును 5,25,800 డాలర్లకు అమ్మింది. మన దేశంలో నెవిల్ తులీ నడిపిన ఓషియన్స్ పాత పోస్టర్లను చిత్రకళతో సమానంగా వేలానికి పెట్టింది. అయితే ఆ సందడి ఎక్కువగా బొంబాయి సినిమా చుట్టూనే తిరిగింది. తెలుగు పోస్టరు వెనకబడటానికి బొమ్మలో లోపమేం కారణం కాదు. దాన్ని వరుసపెట్టి, సంవత్సరం కట్టి, ఫలానావారు గీశారని రాసిపెట్టిన జాబితా కొనేవాడి చేతిలో లేకపోవడమే కారణమని నా అభిప్రాయం.

ఆ జాబితా లేని లోటు కొంత తీర్చేది పోస్టరు అడుగు అంచు. అచ్చయిన ప్రతి కాగితం మీదా ముద్రాపకుడి పేరు, ఊరు ఉండి తీరాలని 1867లో బ్రిటిష్ సర్కారు చట్టం చేసింది. ఎవరేం అచ్చేస్తున్నారో కనిపెట్టుకోవడానికి పెట్టిన ఆ షరతు ఇప్పుడు నకిలీని పట్టిస్తోంది. కింద మద్రాసు ప్రెస్సో, శివకాశి ప్రెస్సో చిన్న అక్షరాల్లో కనిపించాలి. మాయాబజార్ 1957 మార్చి 27న వచ్చింది, 2010లో రంగులద్దుకుని మళ్లీ వచ్చింది. మధ్యలో ఎన్నిసార్లు ఆడిందో! అమ్మేవాడు ‘1957’ అని రాసినంత మాత్రాన అది తొలి విడుదల పోస్టరైపోదు.

మడతలను చూసి బెదరక్కర్లేదు. ముప్పై అంగుళాలకు నలభై అంగుళాల షీటు మడిచి పంపడమే ఆనాటి పద్ధతి. బెదరాల్సింది మడత కంటికి కనిపించి వేలికి తగలనప్పుడు: అది స్కాన్ చేసి తీసిన కాపీ. ముచ్చటపడి లామినేషన్ చేయించారా, ఉన్న విలువా పోయినట్టే.

ఇక బొమ్మ మూలన సంతకం. పాలకొల్లు నుంచి వచ్చిన ఈశ్వర్, బాపు సినిమా ‘సాక్షి’ (1967)తో మొదలుపెట్టి రెండు వేలకు పైచిలుకు సినిమాలకు పబ్లిసిటీ డిజైన్లు చేశారు. ‘సినిమా పోస్టర్’ అని పుస్తకం రాశారు, దానికి నంది అవార్డు వచ్చింది. 2021లో చెన్నైలో కన్నుమూశారు. ఇంత చేసినాయన బొమ్మను కూడా అమ్మేవాళ్లు హీరో పేరుతోనే పెడతారు. ఈశ్వర్ అని కొట్టి వెతికితే చేతికి దక్కేది తక్కువ. కృష్ణ అనో, ఎన్టీఆర్ అనో కొట్టి, వచ్చిన ఫొటోలను ఒక్కొక్కటే పెద్దవి చేసుకుని మూలలు గాలించుకోవాలి.