వెలుగు ఫలకముల చరిత్ర - లోపమును వెదకు విధము

రైలు స్టేషనులో గాని, విమానాశ్రయములో గాని, బస్సు నిలయములో గాని అడుగుపెట్టిన ప్రయాణికుని చూపు మొదట పోవునది గోడమీది వెలుగు ఫలకము వైపునకే. బండి వచ్చు వేళ, ఆగు ప్లాట్‌ఫారము, ఆలస్యమగు నిమిషములు అన్నియు అక్కడనే తెలియును. ఆ ఫలకము ఒక్కసారి నల్లబడినచో వందలాది జనము ఎటు పోవలెనో తెలియక నిలిచిపోవుదురు. దానిని బాగుచేయ వచ్చినవాని ముందు నిలుచు ప్రశ్న ఒక్కటే: లోపము ఎక్కడ ఉన్నది? తెరలోనా, తీగలోనా, వెనుక నున్న కంప్యూటరులోనా, లేక దానికి అందిన వార్తలోనా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పు పద్ధతి ఫలకముతో పాటే పెరిగి వచ్చినది. కనుక ఫలకము చరిత్ర తెలిసినవానికి లోపమును పట్టుట సులభమగును.

దీపముల పట్టీ

న్యూయార్కు నగరమునందు టైమ్స్ టవరు అను భవనము చుట్టును 1928 నవంబరు 6న ఒక దీపముల పట్టీ వెలిగెను. ఆనాడు అమెరికా అధ్యక్ష పదవికి ఎన్నిక జరుగుచుండెను. హెర్బర్ట్ హూవరు గెలిచిన వార్తను జనము వీధిలో నిలిచి ఆ పట్టీ మీదనే చదివిరి. ఫ్రాంక్ రైలీ అను నతడు రూపొందించిన ఈ పట్టీ పొడవు సుమారు 380 అడుగులు; అందు అమర్చిన బల్బులు 14,800.

అక్షరములు ఒక వైపునుండి మరియొక వైపునకు పరుగెత్తుచున్నట్లు కనబడినను, అచ్చట కదలిన దీపము ఒక్కటియు లేదు. భవనము లోపల అక్షరపు ముక్కలను చట్రములలో పేర్చి గొలుసుపట్టాపై నడిపెడివారు. అవి పోవుచు విద్యుత్తు స్పర్శలను తాకినప్పుడెల్ల, వాటికి సంబంధించిన బల్బులు బయట వెలిగి ఆరుచుండెను. వరుసగా వెలిగి ఆరు చుక్కలను కన్ను కదలికగా గ్రహించును.

ఈ యంత్రమునందే లోపమును వెదకుటకు మొదటి సూత్రము కలదు. ఒక బల్బు కాలిపోయినచో, లేక దాని తీగ ఊడినచో, నల్లచుక్క ఉన్నచోటనే ఉండును. అక్షరములు దానిమీదుగా సాగిపోవును. అట్లుగాక అక్షరపు ముక్కయే విరిగినచో, ఆ లోపము అక్షరముతో పాటు పట్టీ పొడవునను ప్రయాణము చేయును. నిలిచియుండు లోపము దీపమునది. కదలు లోపము వార్తది. నేటి తెరలకును ఈ సూత్రము వర్తించును.

తిరుగు రేకులు

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన తరువాత ఇటలీలోని ఊదినే పట్టణమునకు చెందిన సోలారి సంస్థ రేకుల ఫలకమును ప్రచారములోనికి తెచ్చెను. 1956లో బెల్జియము దేశపు లియేజ్ స్టేషనులో అట్టి ఫలకమును నెలకొల్పిరి. ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క చక్రము. చక్రముచుట్టు సగము సగముగా అచ్చువేసిన రేకులు. చక్రము తిరిగి కావలసిన రేకు వచ్చినప్పుడు ఆగును. ఇందు ఒక చక్రము చెడినచో ఒక్క అక్షరము మాత్రమే తప్పగును. వరుస యంతయు తప్పినచో, తప్పు చక్రములది కాదు. వాటికి ఆజ్ఞ పంపు భాగములోనిదై యుండును. లోపము ఎంత విశాలమో చూచి, అది ఎంత వెనుకనున్నదో ఊహింపవచ్చును.

గీతల లెక్క

1897లో జర్మను శాస్త్రజ్ఞుడు ఫెర్డినాండ్ బ్రౌన్ కాథోడు కిరణ నాళమును నిర్మించెను. తరువాతి కాలమున టెలివిజనుకును, కంప్యూటరుకును అదియే తెర అయ్యెను. నాళములోని ఎలక్ట్రాను పుంజము ఎడమనుండి కుడికి ఒక గీత గీసి, క్రిందికి దిగి మరియొక గీత గీయును. కంప్యూటరు పంపు గీతల వేగమునకును, తెర గీయు వేగమునకును పొత్తు కుదిరిననే బొమ్మ నిలుచును.

1981లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన వ్యక్తిగత కంప్యూటరుతో రెండు విధములైన తెర కార్డులు వచ్చెను. రంగుల కార్డు సెకనుకు సుమారు 15,700 గీతలను, ఏకవర్ణపు కార్డు సుమారు 18,400 గీతలను పంపుచుండెను. ఒకదాని తెరకు రెండవదాని సంకేతము పనికిరాదు. ఏకవర్ణపు తెర తన గీతల వేగమునకు పూర్తిగా కంప్యూటరు పైననే ఆధారపడి యుండుటచే, తప్పుడు వేగము అందినచో దాని లోపలి చుట్ట వేడెక్కి చెడిపోవు ప్రమాదముండెను.

1987లో అదే సంస్థ వి.జి.ఏ. అను పద్ధతిని ప్రవేశపెట్టెను. అడ్డముగా 640, నిలువుగా 480 చుక్కలు. కనబడని గీతలతో కలిపి 525 గీతలు. సెకనుకు సుమారు 60 బొమ్మలు. 525ను 60చే గుణించినచో 31,500 వచ్చును. విద్యార్థులు ఈ లెక్కను స్వయముగా చేసి చూడవచ్చును. 15 పిన్నులుగల ఆ ప్లగ్గు అనేక సంవత్సరములు లోకమంతట వ్యాపించి యుండెను.

తెర తన శక్తిని చెప్పుకొనుట

తెరలు అనేక విధములైన కొద్దీ, ఏ తెరకు ఏ కొలత పంపవలెనో కంప్యూటరుకు తెలియుట కష్టమయ్యెను. 1994లో వీసా అను ప్రమాణముల సంఘము దీనికొక ఉపాయము చూపెను. తెరలోని చిన్న జ్ఞాపకములో 128 బైట్ల పట్టికను ఉంచిరి. తయారుచేసిన వారెవరు, చూపగల కొలతలేవి అను వివరములు అందుండును. వి.జి.ఏ. ప్లగ్గులోని 12వ, 15వ పిన్నుల ద్వారా కంప్యూటరు ఆ పట్టికను చదువుకొనును.

ఈ రెండు తీగలు లేని కేబులు వాడినచో బొమ్మ వచ్చును గాని, కంప్యూటరు తెరను గుర్తింపలేక చిన్న కొలతతో సరిపెట్టుకొనును. పెద్ద ఫలకముమీద అక్షరములు సాగినట్లు, మసకబారినట్లు కనబడుటకు ఇది యొక ముఖ్య కారణము. కొన్ని పాత కంప్యూటర్లు ప్రారంభమగునప్పుడు మాత్రమే ఈ పట్టికను చదువును. కావుననే తెరను ముందు, కంప్యూటరును తరువాత వెలిగింపుమని పనివారు చెప్పుదురు.

మరియొక అడ్డంకి వేగము. 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు గల బొమ్మకు, కనబడని భాగముతో కలిపి, సెకనుకు 14.85 కోట్ల చుక్కలు పంపవలెను. 2002 నాటి మొదటి హెచ్.డి.ఎం.ఐ. ప్రమాణము 16.5 కోట్ల వరకు అనుమతించెను. అడ్డమునను నిలువునను దానికి రెట్టింపుగల 3840, 2160 చుక్కల తెరకు, సెకనుకు 60 బొమ్మలు కావలెనన్నచో, 59.4 కోట్లు అవసరము. పాత కంప్యూటరు ఆ వేగమును అందుకొనలేదు. ఇందు చెడిన వస్తువేదియు లేదు. మోయలేని బరువు నెత్తికెత్తుటయే దోషము. బొమ్మ కొలతను తగ్గించుటయే దానికి మందు.

తెలుగు అక్షరములు, ఖాళీ గళ్ళు

తెర, తీగ, వేగము అన్నియు సరిగానున్నను, తెలుగు ఫలకమునకు ఇంకొక చిక్కు కలదు. తొలి వ్యక్తిగత కంప్యూటర్ల అక్షర పట్టికలో 256 గుర్తులకే చోటు. గుణింతములును, ఒత్తులును గల తెలుగు లిపి అందు ఇముడదు. 1991లో భారతీయ లిపులకు ఇస్కీ ప్రమాణమును ప్రకటించిరి. ఆ సంవత్సరమే వెలువడిన యూనికోడ్‌లో తెలుగునకు 128 స్థానములు లభించెను. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అను తెలుగు అక్షరరూపము అందెను. అంతకు ముందరి కంప్యూటరులో యూనికోడ్ తెలుగు వార్తను తెరచినచో, అక్షరములకు బదులు ఖాళీ గళ్ళు కనబడుట సహజము. అప్పుడు తెరను మార్చినందువలన ప్రయోజనము లేదు; లోపము అక్షరరూపములో ఉన్నది.

ఒకనాటి ఉదయము

2024 జూలై 19న ఈ పాఠము ప్రపంచమునకంతటికి మరల బోధపడెను. క్రౌడ్‌స్ట్రైక్ అను రక్షణ సంస్థ పంపిన ఒక చిన్న ఫైలువలన సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయెను. లోపలి ప్రోగ్రాము 20 విలువలను మాత్రమే అందించుచుండగా, క్రొత్త ఫైలు 21వ దానిని కోరెను. లేని చోట చదువబోయి యంత్రము కూలెను. అనేక విమానాశ్రయములలో ఫలకములు నీలితెరలై నిలిచెను. ఢిల్లీలో తెల్లబోర్డుమీద విమానముల వేళలు వ్రాసిరి. హైదరాబాదులో కొందరు ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగు పాసులు ఇచ్చిరి.

ఆనాడు తెరలన్నియు ఆరోగ్యముగానే ఉండెను. నీలిరంగును స్పష్టముగా చూపుటయే అందుకు సాక్ష్యము. తప్పుడు ఫైలును సంస్థ 78 నిమిషములలోనే ఉపసంహరించినను, కూలిన యంత్రములలో అనేకమును మనుష్యులు ఒక్కొక్కటిగా సురక్షిత విధానములో తెరచి, ఆ ఫైలును తొలగింపవలసి వచ్చెను.

వెదకు క్రమము

ఇంతవరకు చెప్పిన చరిత్రనుండి ఒక క్రమము ఏర్పడుచున్నది. మొదట తెర తన స్వంత పట్టికను చూపగలుగుచున్నదా యని చూడవలెను. చూపినచో తెర మంచిదే. తరువాత వేరొక కేబులును, పిమ్మట వేరొక కంప్యూటరును తగిలించి చూడవలెను. ఒక్కసారికి ఒక్క వస్తువునే మార్చవలెను. రెండింటిని కలిపి మార్చినచో ఏది దోషియో తెలియదు. కంప్యూటరులో తెర ఛాయను ఫైలుగా భద్రపరచి, వేరొక యంత్రములో తెరచి చూచుట మంచి పరీక్ష. ఛాయలో కూడ లోపము కనబడినచో అది కంప్యూటరుది. కనబడనిచో అది కంప్యూటరు దాటిన తరువాత, తీగలోనో తెరలోనో కలిగినది.

1928 నాటి పట్టీలో నిలిచిన నల్లచుక్కను, కదలిన విరుపును వేరుచేసిన తర్కమే ఇది. బడిలోని పాత కంప్యూటరునకు క్రొత్త తెర తగిలించి, బొమ్మ రాలేదని దానిని మూలకు నెట్టుటకు ముందు, ఉపాధ్యాయులు విద్యార్థులచే ఈ క్రమమును ఒకసారి నడిపింపవచ్చును. ఒక్క కేబులు మార్చినంత మాత్రమున ఆ యంత్రము మరికొన్ని సంవత్సరములు పాఠములు చూపవచ్చును.