బుడగను బట్టి చేప

మా తాత కొల్లేట్లో తాటిదోనె మీద నిలబడి, నీటి మీదికొచ్చిన బుడగ చూసి కింద ఉన్నది కొరమీనో, మార్పో చెప్పేవాడు. గాలి కోసం పైకొచ్చే చేపలవి. చేప కనపడదు, బుడగే కనపడుతుంది. ఇప్పుడిక్కడ లేచింది కాబట్టి మళ్లీ ఎక్కడ లేస్తుందో కూడా అంచనా కట్టేవాడు. కైకలూరులో చేపల లోడ్ల లెక్కలు రాసే నేను, యంత్రం మాట వినడం ఎలా నేర్చిందో చదువుతుంటే తాతే గుర్తొచ్చాడు.

ఆ అంచనాకు లెక్క కట్టినవాడు రష్యాలో మార్కోవ్. 1913లో పుష్కిన్ కావ్యంలోని 20 వేల అక్షరాలు తీసుకుని, అచ్చు వెనక హల్లు ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టాడు.

మాటల గుర్తింపులోకి ఆ లెక్క వచ్చిన చోట మన మనిషి ఉన్నారు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గారు గిండీలో ఇంజనీరింగ్ చదివి, 1966లో స్టాన్‌ఫోర్డ్‌లో డాక్టరేట్ తీసుకుని, 1969లో కార్నెగీ మెలన్‌లో చేరారు. అక్కడ మాట వినడానికి మొదట కట్టిన హియర్సే అనే వ్యవస్థకి భాష గురించి మనుషులకు తెలిసిందంతా నేర్పాలని చూశారు. అక్కడే చదువుకున్న జేమ్స్ బేకర్ 1975లో డ్రాగన్‌తో వేరే దారి పట్టాడు. చెవికి అందిన ధ్వని బుడగ, పలికిన మాట చేప. ఏ మాట వెనక ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో లెక్కగట్టి, అన్నిటికన్నా నమ్మదగిన వరసను ఎంచడమే దాని పని. అదే కాలంలో ఐబీఎంలో జెలినెక్ బృందమూ ఈ లెక్కనే నమ్ముకుంది. హియర్సే, డ్రాగన్ రెండిటిలోని మంచినీ కలిపి 1976లో వచ్చిన హార్పీకి 1,011 మాటలు తెలుసు. 1988 నాటి స్ఫింక్స్ కొత్తవాళ్ల మాటనూ పోల్చుకుంది. రాజ్ రెడ్డి గారికి 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

తెలుగుకు ఆ లెక్క అంత తేలిగ్గా లొంగదు. మా వైపు 'వచ్చేశాడంటండి' అంటే ఒక్క మాటే. ఇలా అతుక్కుని పుట్టే మాటలకు అంతుండదు. గూగుల్ తెలుగు వినడం 2017లో గానీ మొదలుపెట్టలేదు. అప్పటికి న్యూరల్ నెట్‌వర్కులు వచ్చేశాయి, అయినా విన్నదాన్ని బట్టే నేర్చుకోవడం మారలేదు.

మొన్న నా ఫోన్‌కి 'జెల్ల' అని చేప పేరు చెబితే 'జిల్లా' అని రాసింది. ఎక్కువగా విన్న మాట, అరుదుగా విన్న మాటను మింగేస్తుంది. మీ ఇంట్లో జెల్ల, ఇంగిలాయి, గొరక పేర్లు తెలిసిన పెద్దలుంటే, వాళ్ల మాట ఈ వారమే రికార్డు చేసి పెట్టండి.