రహదారి సూచికల స్తంభాలకు ఢీకొట్టే పరీక్షలు

(ప్రత్యేక వ్యాసం)

రోడ్డు ప్రక్కన ఊరి పేరు, దూరం, మలుపు తెలిపే సూచిక వాహన చోదకునికి మార్గదర్శకం. అయితే అదుపు తప్పిన కారు తగిలినప్పుడు ఆ సూచికను మోసే ఉక్కు స్తంభమే ప్రాణాంతకం కాగలదు. ఈ ప్రమాదాన్ని గుర్తించి, తగిలిన వెంటనే మొదట్లో విడిపోయే స్తంభాల రూపకల్పనకు అమెరికాలో 1960వ దశకంలో పరిశోధనలు జరిగాయి. టెక్సాస్ ట్రాన్స్‌పోర్టేషన్ ఇన్‌స్టిట్యూట్ ఇందులో ప్రముఖ పాత్ర వహించింది.

గాలి పైనున్న ఫలకాన్ని నెట్టి స్తంభాన్ని వంచజూస్తుంది. వాహనం మాత్రం క్రింద, బంపరు ఎత్తున, అడ్డంగా కోస్తుంది. ఈ తేడాయే ఆ రూపకల్పనకు ఆధారం. పునాదిలో ఒక పలక, స్తంభం అడుగున మరొక పలక ఉంచి, అంచున తెరచి ఉన్న గాడులలో బోల్టులతో బిగిస్తారు. గాలికి అవి నిలుస్తాయి. వాహనం తగిలితే పై పలక జారిపోతుంది. కలప స్తంభానికైతే నేలకు దగ్గరగా అడ్డంగా రంధ్రాలు తొలిచి, విరగవలసిన చోటును ముందే నిర్ణయిస్తారు.

స్తంభం నిజంగా విడిపోతుందా అన్నది కాగితంపై తేలదు. అసలు కారుతోనే ఢీకొట్టించి చూడాలి. 1993లో వెలువడిన ఎన్.సి.హెచ్.ఆర్.పి. 350వ నివేదిక ప్రకారం 820 కిలోల చిన్న కారును గంటకు 35 కి.మీ., 100 కి.మీ. వేగాలతో ఢీకొట్టించేవారు. దాని స్థానంలో 2009లో వచ్చి, 2016లో సవరణ పొందిన 'మాష్' నియమావళి 1,100 కిలోల కారును 30, 100 కి.మీ. వేగాలతోను, 2,270 కిలోల పికప్ వాహనాన్ని 100 కి.మీ. వేగంతోను పరీక్షించాలంటుంది.

తక్కువ వేగం పరీక్ష దేనికన్న సందేహం సహజం. నెమ్మదిగా వచ్చే తేలికపాటి కారుకు స్తంభాన్ని విడగొట్టే శక్తి చాలకపోవచ్చు. అప్పుడు కారు హఠాత్తుగా ఆగి, లోపలివారు ముందుకు విసురుగా పడతారు. ఆ తాకిడి వేగం సెకనుకు 5 మీటర్లు మించరాదు; 3 మీటర్లలోపు ఉండటం అభిలషణీయం. అధిక వేగంలో చిక్కు వేరు. విడిపోయిన స్తంభం గాలిలో తిరిగి, ఫలకం కారు పైకప్పుపైననో, ముందు అద్దంపైననో పడవచ్చు. 'మాష్' ప్రకారం పైకప్పు 100 మి.మీ., అద్దం 75 మి.మీ. మించి లోపలికి నొక్కుకుపోరాదు.

పరీక్షలో నెగ్గిన స్తంభం రోడ్డుపై విఫలమయ్యేది ఎక్కువగా బిగింపు లోపం వల్లనే. ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిదన్న సిబ్బంది అలవాటు ఇక్కడ బెడిసికొడుతుంది. బోల్టులను నిర్ణీత పరిమితికి మించి బిగిస్తే పలక జారదు. వదులుగా వదిలితే గాలి అదురుకు అవే ఊడివస్తాయి.

అమెరికాలో గంటకు 50 మైళ్లు, అంతకు మించిన వేగ పరిమితి గల రోడ్ల ప్రక్కన, వాహనం చేరగల దూరంలోని సూచిక స్తంభాలు విడిపోయేవిగానో, వంగేవిగానో, రక్షణ కంచె వెనుకనో ఉండాలన్న నిబంధనకు 2013 జనవరి 17 గడువుగా విధించారు. మన దేశంలో రహదారి సూచికలకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రచురించిన ఐ.ఆర్.సి. 67 ప్రమాణం.

ప్రమాద స్థలంలో మొదలంటా విడిపడిన స్తంభం కనబడగానే 'నాసిరకం పని' అని వార్త వ్రాయటం పరిపాటి. విడిపోయేలా రూపొందించిన స్తంభం విషయంలో అది తన పని తాను చేసిందనటానికి గుర్తు కావచ్చు. పాత్రికేయులు, అధికారులు అక్కడ పరిశీలించవలసింది నేలలో మిగిలిన మొండెం ఎత్తు. క్రిందుగా పోయే కారు దానికి తట్టుకోకుండా ఆ ఎత్తు 100 మి.మీ. మించరాదు.