మక్కబియా క్రీడలు

ప్రపంచంలోని యూదు క్రీడాకారులు నాలుగేళ్లకోసారి ఇజ్రాయెల్‌లో కలిసి ఆడే పోటీలు మక్కబియా. ‘యూదుల ఒలింపిక్స్’ అన్నది వాడుక పేరు. క్రీ.పూ. 2వ శతాబ్దంలో సెల్యూకిడ్ రాజులపై తిరగబడిన యూదా మక్కబీ పేరు మీద ఇవి వెలిశాయి. మక్కబీయుల గ్రంథాలు తెలుగు కతోలిక బైబిలులోనూ ఉన్నాయి కాబట్టి ఈ పేరు మనకు పూర్తిగా కొత్తదేం కాదు.

1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ కబుర్లు విన్న యోసెఫ్ యెకుతియెలి అనే కుర్రవాడికి, తమవాళ్లకూ ఇలాంటివి ఉండాలనిపించింది. ఆ ఊహ నెరవేరడానికి ఇరవై ఏళ్లు పట్టింది. అప్పటికి పాలస్తీనా బ్రిటిష్‌వారి ఏలుబడిలో ఉంది. మోటారు సైకిళ్లెక్కిన బృందాలు టెల్ అవీవ్ నుంచి యూరప్ దాకా వెళ్లి ఊరూరా చాటింపు వేశాయి. రోమన్లపై బార్ కోఖ్బా తిరుగుబాటుకు 1800 ఏళ్లు నిండిన 1932లో మొదటి పోటీలు జరిగాయి.

1935 నాటి రెండో మక్కబియా కథ ఆటలకు మించినది. జర్మనీలో అప్పటికే హిట్లర్ గద్దెనెక్కాడు. పోటీలకని వచ్చిన వారిలో చాలామంది తిరుగు ప్రయాణం కట్టలేదు. పతకాల పట్టిక కన్నా ఈ ఉండిపోయినవాళ్ల సంగతే చరిత్రలో ఎక్కువగా నిలిచింది. ఇలాగే మరింతమంది వచ్చి స్థిరపడతారన్న బ్రిటిష్‌వారి భయం వల్ల 1938 పోటీలు ఆగాయి. ఆపైన రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. మూడో మక్కబియా 1950లో, ఇజ్రాయెల్ ఏర్పడిన తర్వాతే జరిగింది.

1965లో ఇక్కడ నాలుగు స్వర్ణాలు గెలిచిన పదిహేనేళ్ల అమెరికన్ ఈతగాడు మార్క్ స్పిట్జ్, 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఏడు సాధించాడు. 1997 ప్రారంభోత్సవం నాడు యార్కన్ నదిపై వేసిన తాత్కాలిక వంతెన కూలింది. నలుగురు ఆస్ట్రేలియన్లు చనిపోయారు. వారిలో ముగ్గురిని బలిగొన్నది దెబ్బలు కాదు, కలుషితమైన నది నీటి వల్ల సోకిన జబ్బు.

ఇజ్రాయెల్ పౌరులైతే అరబ్బులూ ఆడవచ్చు. క్రికెట్టూ ఉంది, అందులో భారతీయ యూదుల జట్టు దిగింది.

2017లో దాదాపు పదివేల మంది పాల్గొన్నారు. కరోనా వల్ల 2021 పోటీలు 2022లో జరిగాయి. 2025 జులైలో జరగాల్సిన 22వ మక్కబియా, ఇరాన్‌తో యుద్ధం కారణంగా 2026కు వాయిదా పడింది.